జ్ఞానం పుట్టేది బుద్ధిలోనా, అనుభవంలోనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విజయవాడలో ఉండి సివిల్స్‌కు చదువుతున్నారు, ఆప్షనల్ ఫిలాసఫీ. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్‌ను చదువుతుంటే అసలైన జ్ఞానం బుద్ధి నుంచే వస్తుందని అనిపిస్తోంది. ఇంగ్లిష్ తత్వవేత్త లాక్ దగ్గరికి రాగానే అంతా అనుభవమేనని అనిపిస్తోంది. జర్మన్ తత్వవేత్త కాంట్‌ను చదివాక ఆ రెండూ చేజారిపోయాయి. "ఇంతకీ ఎవరు గెలిచారు? నేను ఏ పక్షం తీసుకోవాలి? మన దర్శనాలు దీని గురించి ఏమన్నాయి?" అన్నది మీ ప్రశ్న.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం, ఇంటర్ వాళ్లకు లాజిక్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మీలాంటివాళ్లకు ఆప్షనల్ చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. ప్రపంచంలో ఏముంది, ఏం జరుగుతుంది అన్న విషయాల్లో చివరి మాట అనుభవానిదే. అక్కడ జ్ఞానానికి మూలం అనుభవమే అనే అనుభవవాదులు లాక్, హ్యూమ్‌ల పక్షమే సరైనది. కానీ "ఇది ఇలాగే ఉండి తీరాలి, మరోలా ఉండే వీలే లేదు" అని చెప్పగల జ్ఞానాన్ని ఎంత అనుభవమైనా ఇవ్వలేదు. అక్కడ జ్ఞానానికి మూలం బుద్ధే అనే బుద్ధివాదులు డెకార్ట్, లైబ్నిట్జ్ పట్టుకున్నది నిజం. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం కావు, ఎందుకంటే ఈ వాదంలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒక ఆలోచన మన బుర్రలోకి ఎలా వచ్చింది అన్నది ఒకటి. అది నిజమని చెప్పడానికి ఆధారం ఏమిటి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ అనుభవమే. రెండోదానికి జవాబు విషయాన్ని బట్టి మారుతుంది. మీకొచ్చిన టెన్షన్ చాలావరకు ఈ రెండింటినీ విడదీయకపోవడం వల్లే.

విడదీయడం ఎలాగో తెలియడానికి నేను క్లాసులో ఒక పని చేయిస్తాను. ప్లేటో 'మీనో' సంభాషణలో సోక్రటీస్ చదువు రాని ఒక బానిస కుర్రాడి చేత చేయించిన పనే అది. బోర్డు మీద రెండడుగుల భుజంతో ఒక చతురస్రం గీస్తాను. వైశాల్యం నాలుగు చదరపు అడుగులు. దీనికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం గీయమంటాను. మొదట లేచినవాళ్లు భుజాన్ని రెట్టింపు చేసేస్తారు. గీసి చూస్తే పదహారు వస్తుంది. తర్వాతివాళ్లు మూడడుగులు అంటారు, తొమ్మిది వస్తుంది. కావలసింది ఎనిమిది. కాసేపటికి ఎవరో ఒకరు మొదటి చతురస్రానికి కర్ణం గీసి, ఆ కర్ణాన్నే కొత్త చతురస్రానికి భుజంగా పెడతారు. ఎవరూ చెప్పకుండానే క్లాసంతా "అదే" అంటుంది.

సోక్రటీస్ దగ్గర కుర్రాడు కూడా సరిగ్గా ఇవే రెండు తప్పుల మీదుగా ఇక్కడికి చేరతాడు. ప్లేటో దీన్నుంచి తీసిన నిర్ణయం ఏమిటంటే, ఆ జ్ఞానం ఆత్మలో ముందే ఉంది, ప్రశ్నలతో గుర్తుకు తెచ్చాం అంతే. దీనికి పిల్లలు వెంటనే అడ్డు చెబుతారు: "సార్, బోర్డు మీద గీసి చూశాం కాబట్టే తెలిసింది. ఇది అనుభవమేగా?" మంచి అభ్యంతరం. అప్పుడు స్కేలు చేతికిచ్చి, నోటుబుక్కులో పది సెంటీమీటర్ల చతురస్రం గీసి కర్ణం కొలవమంటాను. ఒకరు 14.1 అంటారు, ఇంకొకరు 14.2 అంటారు. ఇంకా మంచి పరికరం తెచ్చుకుంటే 14.14 వస్తుంది, అంతకంటే మంచిది తెస్తే 14.142. ఇలా ఎంతదాకా కొలిచినా చేతికి వచ్చేది రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాయగలిగిన అంకె మాత్రమే. కానీ ఆ కర్ణానికీ భుజానికీ ఉన్న నిష్పత్తిని ఏ రెండు పూర్ణసంఖ్యలతోనూ రాయలేమని మనకు ఖాయంగా తెలుసు. పదో తరగతి లెక్కల పుస్తకంలో అర పేజీ నిరూపణ ఉంది. ఏ స్కేలూ చెప్పలేని సంగతి అది, ఇంకా మంచి స్కేలు వచ్చినా చెప్పలేదు. ఆలోచన బోర్డు మీద మొదలైంది. ఆధారం మాత్రం బోర్డు మీద లేదు.

అయినా నమ్మకం కుదరని వాళ్లకు ఇంకొకటి ఇస్తాను. సున్నా నుంచి మొదలుపెట్టి ఏదైనా సంఖ్య తీసుకోండి. దాని వర్గానికి అదే సంఖ్యను కలిపి, పైన ఇంకో 41 కలపండి. సున్నాకు 41, ఒకటికి 43, రెండుకు 47, మూడుకు 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. గణితవేత్త ఆయిలర్ గమనించిన వరస ఇది. ఇలా 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. వరసగా 40 సార్లు నిజమైన విషయాన్ని మనం బయట లోకంలో సందేహం లేకుండా నమ్మేస్తాం. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41ని 41తో గుణిస్తే వచ్చేది. గణితంలో ఎన్నిసార్లు నిజమైందన్న లెక్క పనికిరాదు, నిరూపణే కావాలి. బుద్ధివాదులు పట్టుబట్టింది ఈ తేడా మీదే. దీన్ని గణితంలో ఎవరూ కాదనలేరు.

అయితే బుద్ధివాదులు గీత ఎక్కడ దాటారో కూడా చూడాలి. లెక్కల్లో పనిచేసిన పద్ధతితో లోకం నడిచే తీరును కూడా కూర్చున్న చోటి నుంచే రాబట్టవచ్చని డెకార్ట్ అనుకున్నాడు. 1644లో వచ్చిన ఆయన 'ప్రిన్సిపుల్స్'లో రెండు వస్తువులు ఢీకొంటే ఏం జరుగుతుందో ఏడు నియమాలుగా రాశాడు. వాటిలో నాలుగోది: కదలకుండా ఉన్న పెద్ద వస్తువును చిన్న వస్తువు ఎంత వేగంతో వచ్చి కొట్టినా కదిలించలేదు, తనే వెనక్కి మళ్లుతుంది. ఇంట్లో క్యారమ్ బోర్డు ఉంటే స్ట్రైకర్‌ను మధ్యలో పెట్టి ఒక కాయిన్‌తో గట్టిగా కొట్టి చూడండి. స్ట్రైకర్ కదులుతుంది. ఈ నియమాలు అనుభవానికి విరుద్ధంగా కనిపిస్తాయని డెకార్ట్‌కూ తెలుసు. చుట్టూ ఉన్న ఇతర పదార్థాల ప్రభావం వల్ల అలా కనిపిస్తుందని సర్దిచెప్పుకున్నాడు. తర్వాత హైగెన్స్ లాంటి శాస్త్రవేత్తలు ఆ నియమాల్లో చాలావాటిని తోసిపుచ్చారు. వస్తువులు ఎలా ఢీకొంటాయో వస్తువులను అడిగే తెలుసుకోవాలి.

ఇప్పుడు అనుభవం వైపు. ఇక్కడ మన ఊళ్ల నుంచి రెండు సంగతులు చెబుతాను, ఎందుకంటే లాక్ పుస్తకంలో ఉన్న ఉదాహరణల కంటే ఇవే మీకు త్వరగా అర్థమవుతాయి.

మొదటిది గుంటూరు మిర్చి యార్డు. నా విద్యార్థి ఒకతని తండ్రికి అక్కడ కమీషన్ కొట్టు ఉండేది. సీజన్‌లో ఒకసారి అతనితో వెళ్లి, సరుకు చూసే పెద్దాయన పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఆయన టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పగానే పైన ఉన్న కాయలను చూడనైనా చూడడు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి, మధ్యలోంచి ఒక గుప్పెడు తీస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని గుప్పిట బిగిస్తాడు. కాయ కరకరమంటే ఎండింది. చప్పుడు లేకుండా వంగితే తేమ ఉంది. ఒక కాయ విరిచి లోపలి రంగు చూస్తాడు, వాసన చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఉందో అరచేతిలోనే అంచనా కడతాడు. "ఇది ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెడితే నిలవదు" అని పక్కకు జరుగుతాడు. ఎలా తెలిసిందని అడిగితే "చెయ్యి చెబుతుందండీ" అన్నాడు.

ఇది జ్ఞానమేనా? నిస్సందేహంగా జ్ఞానమే. ఏ నిరూపణా, ఏ పుస్తకమూ దీన్ని ఇవ్వలేదు. పుట్టుకతో వచ్చే భావాలు లేవని, మనసు మొదట తెల్ల కాగితమని లాక్ 1689లో అచ్చయిన తన 'ఎస్సే'లో అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇలాంటి జ్ఞానమే. కానీ ఆ పెద్దాయన చెయ్యి మధ్యలోకే ఎందుకు పోయిందో ఆలోచించండి. పైన మంచి కాయలు పేర్చి ఉండవచ్చు, తేమ ఉంటే లోపలే నిలిచి ఉంటుంది అన్న తర్కం ఆ కదలికలోనే ఉంది. ఏది చూడాలో, ఏది వదిలేయాలో తేల్చుకున్న తర్వాతే ఆయన చూపు పనిచేస్తోంది. నేనూ అదే గుప్పెడు పట్టుకున్నాను, అదే చప్పుడు విన్నాను. నాకు మాత్రం ఏమీ తెలియలేదు. ఇంద్రియాలకు అందింది ఇద్దరికీ ఒకటే అయినా జ్ఞానం ఒకరికే వచ్చిందంటే, ఇంద్రియాలకు అందింది మాత్రమే జ్ఞానం కాదన్నమాట.

రెండోది మీ ఊరిదే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి, గట్లకు గండ్లు పడి, సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ మునిగిపోయిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ మొదలైన దగ్గర్నుంచి అంత నీళ్లు ఎప్పుడూ రాలేదు. నాకు తెలిసిన ఒక కుటుంబం సింగ్ నగర్ వైపు ఇల్లు కొనేముందు చుట్టుపక్కల చాలామందిని అడిగింది. అందరూ "ఇక్కడిదాకా నీళ్లు ఎప్పుడూ రాలేదు" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసింది చూసినట్టే చెప్పారు. కింది అంతస్తులో సామానంతా పోయింది.

"ఇంతవరకు రాలేదు" అన్న మాట నుంచి "ఇక రాదు" అన్న మాటకు దాటే వంతెన ఏది అన్నదే హ్యూమ్ ప్రశ్న. 1739లో 'ట్రీటీస్'లో, మళ్లీ 1748లో 'ఎంక్వైరీ'లో ఆయన చూపించింది ఏమిటంటే, ఆ వంతెనను తర్కం కట్టలేదు. రేపు అంతా మారిపోతుందని ఊహించుకోవడంలో తార్కిక వైరుధ్యం ఏమీ లేదు. అనుభవమూ కట్టలేదు, ఎందుకంటే "గతంలో జరిగినట్టే ముందూ జరుగుతుంది" అన్నదే నిరూపించాల్సిన విషయం. దాన్ని గతంతోనే నిరూపిస్తే గుండ్రంగా తిరిగినట్టే. చివరికి అది అలవాటు అన్నాడు హ్యూమ్. అనుభవవాదాన్ని అనుభవవాదే అంచుదాకా తీసుకెళ్లి చూపించాడు. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అత్యంత నిజాయితీగల ఘట్టం ఇదే.

ఇక్కడే మన న్యాయదర్శనం (మన పాత తర్కశాస్త్రం) చాలా ఉపయోగపడుతుంది, కానీ మన పిల్లలు దాన్ని పేపర్‌లో వేరే సెక్షన్ అని వేరే గదిలో పెట్టేస్తారు. అన్నంభట్టు తెలుగువాడు. ఆయన 'తర్కసంగ్రహం'లో అనుమానం (ఇక్కడ సందేహం అని కాదు, చూసినదాన్ని బట్టి చూడనిది ఊహించి తెలుసుకోవడం) ఎలా పుడుతుందో చెప్పిన తీరు చూడండి. ఒక మనిషి తానే మళ్లీ మళ్లీ చూసి, వంటింట్లోనూ ఇతర చోట్లా "ఎక్కడ పొగ ఉందో అక్కడ నిప్పు ఉంది" అన్న వ్యాప్తిని, అంటే తప్పని సంబంధాన్ని గ్రహిస్తాడు. తర్వాత కొండ దగ్గరికి వెళ్లి, పొగ చూసి, ఆ వ్యాప్తిని గుర్తు తెచ్చుకుని, ఇక్కడ నిప్పు ఉందని తెలుసుకుంటాడు. ఇదే ఇంకొకరికి చెప్పాలంటే ప్రతిజ్ఞ (చెప్పదలచింది), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఇక్కడికి అన్వయం), నిగమనం (ముగింపు) అని ఐదు వాక్యాలు కావాలి. మూడో వాక్యంలో వ్యాప్తి పక్కనే వంటిల్లు కూడా ఉంటుంది. సాధారణ నియమాన్ని చెప్పిన నోటితోనే, దాన్ని ఎక్కడ చూశావో కూడా చెప్పాలి. అంటే తర్కమూ అనుభవమూ ఒకే వాక్యంలో కూర్చుని ఉన్నాయి.

కంటికి కనిపించేదాన్ని తప్ప నమ్మని చార్వాకుడు దీని మీద వేసిన దెబ్బ హ్యూమ్ వేసిందే, కాకపోతే ఎన్నో శతాబ్దాల ముందు. నువ్వు చూసినవి కొన్ని వంటిళ్లే కదా, అన్ని చోట్లా, అన్ని కాలాల్లో అలాగే ఉంటుందని ఎలా అంటావు? నైయాయికుడైన (న్యాయదర్శనం పక్షాన వాదించిన) ఉదయనాచార్యుడి జవాబు నాకు చాలా ఇష్టం: సందేహానికి హద్దు ఉంది, ఆ హద్దు మన ఆచరణే. తింటే ఆకలి తీరుతుందా అని నిజంగా సందేహించేవాడు అన్నం వైపు చెయ్యి చాపడు. చెయ్యి చాపావంటే నీకు ఆ సందేహం లేదు. ఇది హ్యూమ్ ప్రశ్నను తార్కికంగా పూర్తిగా మూసేయదు, ఆ మాట మీరు జవాబులో రాయాలి. కానీ నోటితో అనే సందేహానికీ మనసులో ఉన్న సందేహానికీ గీత గీస్తుంది.

దీనికంటే పనికొచ్చేది ఉపాధి (ఇక్కడ ఉద్యోగం అని కాదు, దాగి ఉన్న షరతు) అన్న భావన. "పొగ ఉంటే నిప్పు" నిజం. కానీ తిరగేసి "నిప్పు ఉంటే పొగ" అంటే తప్పు. బాగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. ఎందుకంటే పొగకు కావలసింది ఒట్టి నిప్పు కాదు, తడి కట్టెతో కలిసిన నిప్పు. ఆ తడి కట్టె కంటికి ఆనని షరతు. దాన్నే ఉపాధి అంటారు. మీరు వంద వంటిళ్లు చూసినా అన్నింటిలోనూ తడి కట్టెలే ఉంటే ఆ షరతు మీకు కనిపించదు.

ఇప్పుడు ఆ కుటుంబానికి ఇరుగుపొరుగు చెప్పిన మాట మళ్లీ చూడండి. "ఇక్కడికి నీళ్లు రాలేదు." నిజమే, గట్టు నిలబడినంతకాలం రాలేదు. గట్టు నిలబడటం అన్నది వాళ్లందరి అనుభవంలోనూ ఉన్న, వాళ్లెవరికీ కనిపించని షరతు. ఇంకో ఇరవై ఇళ్లు అడిగినా అదే జవాబు వచ్చేది, అడిగినవాళ్ల నమ్మకం మాత్రం ఇంకా పెరిగేది. ఆ షరతును బయటికి లాగేది ఆలోచన. నేల ఎంత పల్లంలో ఉంది, వాగు ఎటు పోతుంది, పైన ఎంత వాన పడితే ఎంత నీరు దిగుతుంది అని లెక్క వేయడం. అయితే ఆ లెక్క కూడా గాల్లోంచి రాలేదు. నీరు ఎలా పారుతుందో, వాన ఎంత పడిందో ఇతర చోట్ల కొలిచి తెలుసుకున్నదే. కాబట్టి ఇక్కడ బుద్ధి అనుభవాన్ని ఓడించిందనడం తప్పు. ఒక వీధి అనుభవాన్ని, బుద్ధితో కలిపి కుట్టిన విశాలమైన అనుభవం సరిదిద్దగలిగేది. లోకం సంగతుల్లో చివరి మాట అనుభవానిదే అని మొదట్లో అన్నప్పుడు నా ఉద్దేశం ఈ రకం అనుభవం.

మీరు కామెంటులో మాలినో ప్రశ్న గురించి కూడా అడిగారు. 1688లో విలియం మాలినో లాక్‌కు రాసిన ఉత్తరంలోది అది. లాక్ తన 'ఎస్సే' 1694 నాటి రెండో ముద్రణలో దాన్ని చేర్చాడు. పుట్టుగుడ్డి అయిన మనిషికి గోళం, ఘనం చేతితో తడిమి తెలుసు. అతనికి చూపు వస్తే, ముట్టుకోకుండా చూసి ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడు అన్నాడు మాలినో, లాక్ ఒప్పుకున్నాడు. లైబ్నిట్జ్ మాత్రం, ఎదురుగా ఉన్నవి ఆ రెండేనని ముందే చెబితే ఆలోచించి చెప్పగలడు అన్నాడు. గోళానికి మూలలు ఉండవు, ఘనానికి ఉంటాయి, ఆ జ్యామితి చేతికీ కంటికీ ఒకటే కదా అని.

దీనికి ప్రయోగంతో జవాబు దొరికింది మన దేశపు పిల్లల దగ్గరే. ఎంఐటీకి చెందిన పవన్ సిన్హా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో పుట్టుకతో చూపు లేని పిల్లలకు ఆపరేషన్ చేయించి, తర్వాత వాళ్ల చూపు ఎలా కుదురుకుంటుందో గమనించారు. 2011లో ప్రచురించిన ఫలితాల్లో 8 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న ఐదుగురు పిల్లలున్నారు. కట్టు విప్పిన కొత్తలో, చేతితో తడిమిన ఆకారాన్ని కంటితో గుర్తుపట్టమంటే దాదాపు ఊహించి చెప్పినట్టే ఉంది. కంటితో చూసినదాన్ని కంటితో పోల్చడం మాత్రం బాగానే చేశారు. కానీ కొద్దిరోజుల్లోనే తడిమినదాన్నీ చూసి గుర్తుపట్టడం మొదలుపెట్టారు. చాలామంది "లాక్ గెలిచాడు" అని రాసి వదిలేస్తారు. తొందరపడొద్దు. మొదటి రోజు ఫలితం లాక్ వైపు ఉంది, నిజమే. అంత త్వరగా నేర్చుకోగలిగారంటే నేర్చుకోవడానికి ఏదో సిద్ధంగా ఉండి ఉండాలన్న వాదానికి కూడా అందులో చోటుంది. పైగా లైబ్నిట్జ్ పెట్టిన షరతు, ముందే చెప్పి ఆలోచించే వ్యవధి ఇవ్వడం, వేరే పరీక్ష.

కాంట్ మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టాడన్నారు. ఆయన్ని ఒక్క ఉదాహరణతో పట్టుకోండి. ఆయన 1781 నాటి 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్'లో ఒక ఇల్లు, ఒక పడవ గురించి చెబుతాడు. నేను దాన్ని మీకు కృష్ణ ఒడ్డున చెబుతాను. సాయంత్రం ఘాట్ మెట్ల మీద కూర్చుని ఇంద్రకీలాద్రిని చూడండి. చూపును గుడి నుంచి కింది రోడ్డుకు దించవచ్చు, రోడ్డు నుంచి గుడికి ఎత్తవచ్చు. ఏ వరసలో చూసినా అది మీ ఇష్టం, కొండలో ఏ మార్పూ జరగలేదని మీకు తెలుసు. ఇప్పుడు వాలుకు పోతున్న ఒక పడవను చూడండి. మొదట ఎగువన, తర్వాత దిగువన. ఈ వరసను మీరు మార్చలేరు. రెండు సందర్భాల్లోనూ కంటికి అందింది ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన దృశ్యాలే. అయినా ఒకదాన్ని "ఉన్న వస్తువు" అనీ, రెండోదాన్ని "జరిగిన సంఘటన" అనీ విడదీశారు. ఆ విడదీత దృశ్యాల్లో లేదు. కారణం, కార్యం అనే చట్రంలో వాటిని పెట్టి చూడటం వల్లే వచ్చింది అంటాడు కాంట్. జ్ఞానమంతా అనుభవంతోనే మొదలవుతుంది, అంతమాత్రాన అంతా అనుభవం నుంచే పుడుతుందని కాదు అని 1787 నాటి రెండో ముద్రణ ఉపోద్ఘాతంలో (ఇంట్రడక్షన్) ఆయన అన్న మాటకు అర్థం ఇదే.

కాంట్ చట్రం ఉందన్నంతవరకు నేను ఒప్పుకుంటాను. ఆ చట్రం మనుషులందరికీ ఎప్పటికీ ఒకటే, మారదు అన్నది మాత్రం నిలబడలేదు. యూక్లిడ్ జ్యామితి అనుభవానికి ముందే ఖాయమైనదని ఆయన నమ్మాడు. పందొమ్మిదో శతాబ్దంలో లోబచెవ్‌స్కీ, రీమాన్ వేరే జ్యామితులు సాధ్యమని చూపించారు. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం అలాంటి ఒక జ్యామితినే వాడుకుంది. 1919 సూర్యగ్రహణం నాటి పరిశీలనలు దానికి బలమిచ్చాయి. "ఇలాగే ఉండి తీరాలి" అనుకున్నదాన్ని కూడా అనుభవం పక్కకు జరపగలిగింది.

బుద్ధివాదులకూ అనుభవవాదులకూ ఒకేలా తగిలే ప్రశ్న వేసినవాడు మన కృష్ణాతీరంతో పేరు ముడిపడిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు. అన్నీ ప్రమాణాల (జ్ఞానాన్నిచ్చే సాధనాల) వల్లే తెలుస్తాయంటే, ప్రమాణాలు ఏ ప్రమాణం వల్ల తెలిశాయి అని 'విగ్రహవ్యావర్తని'లో అడిగాడు. జ్ఞానమంతా అనుభవం నుంచే వస్తుందన్న మాట ఏ అనుభవం నుంచి వచ్చింది? స్పష్టంగా తోచిందల్లా నిజమేనని దేవుడు హామీ ఇస్తాడని డెకార్ట్ అంటే, ఆ దేవుణ్ణి స్పష్టంగా తోచినవాటితోనే కదా నిరూపించావు అని ఆయన సమకాలికుడు ఆర్నో అడిగాడు. ఈ దెబ్బ నుంచి పూర్తిగా తప్పించుకున్న పక్షం నాకైతే కనిపించలేదు.

ఇంకొక్క విషయం మీరు అడగలేదు కానీ చెప్పి తీరాలి. మీ పుట్టినరోజు మీకు ఎలా తెలుసు? తర్కంతో రాబట్టలేదు. అనుభవంలో ఉన్నా గుర్తులేదు. అమ్మ చెప్పింది, సర్టిఫికెట్‌లో ఉంది. మనకు తెలిసినవాటిలో అత్యధిక భాగం ఇలాంటివే. నైయాయికులు దీన్ని శబ్దమని వేరే ప్రమాణంగా నిలబెట్టారు. నమ్మదగినవాడి మాటే శబ్దం, ప్రతివాడి మాటా కాదు. లాక్ ఇతరుల మాటను జ్ఞానం కింద లెక్కపెట్టడానికి ఒప్పుకోడు, హ్యూమ్ దాన్ని అనుభవంలో కలిపేస్తాడు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదాన్నీ జనం నమ్మే ఈ రోజుల్లో, బుద్ధా అనుభవమా అని రెండే గడులు పెట్టుకుని కూర్చుంటే అసలు పని మిగిలిపోతుంది. ఎవరి మాట, ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నను మన దర్శనాలు మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టాయి. నాకు అది చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఇక పరీక్ష సంగతి. నేను దిద్దిన పేపర్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు, బుద్ధివాదులు అనుభవాన్ని వద్దన్నారని, అనుభవవాదులు బుద్ధిని వద్దన్నారని రాయడం. డెకార్ట్ ఎద్దు కన్ను కోసి దాని వెనక బొమ్మ ఎలా పడుతుందో చూసినవాడు. లాక్ దేవుడి ఉనికిని నిరూపణతోనే తెలుసుకోవచ్చన్నాడు, నీతిని కూడా గణితంలా నిరూపించవచ్చన్నాడు. మనిషిని బట్టి కాకుండా వాదాన్ని బట్టి రాయండి: ఫలానా విషయంలో, ఫలానా రకం జ్ఞానానికి, ఇతను ఆధారం ఎక్కడ ఉందంటున్నాడు? అలా రాస్తే పక్షం తీసుకోవడం దానంతటదే తేలికవుతుంది. "ఇద్దరిలోనూ కొంత నిజం ఉంది" అని ముగించే జవాబు మాత్రం రాయకండి. ఏ విషయంలో ఎవరిది, ఎందుకు అని చెప్పకపోతే ఆ వాక్యానికి మార్కులు రావు.

చదివే వరస కూడా మార్చుకోండి. ముందు 'మీనో'లో ఆ కుర్రాడి భాగం, తర్వాత హ్యూమ్ 'ఎంక్వైరీ'లో నాలుగు, ఐదు సెక్షన్లు, ఆ వెంటనే తర్కసంగ్రహంలో అనుమాన భాగం. ఇవి మూడూ చిన్నవే. వీటి తర్వాత కాంట్ రెండో ముద్రణ ఉపోద్ఘాతం తీయండి. ఇప్పుడు అడ్డం తిరుగుతున్న పేజీలు అప్పుడు ఇంత కష్టంగా ఉండవు. ఉపాధి దగ్గర గానీ, కాంట్ పడవ దగ్గర గానీ ఆగిపోతే ఇక్కడే అడగండి, ఇంకా వివరంగా రాస్తాను.